పెద్దపేగుకు మందు మోసే బంకలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీల్లో ఈ అంశం మీద ప్రాజెక్టు పెట్టుకునేవాళ్ళ కోసం రాసిన పేజీ ఇది. చివర్లో మాత్రలు మింగేవాళ్ళ సందేహాలు కూడా ఒకటి రెండు ఉన్నాయి.

మందును పనిగట్టుకుని పెద్దపేగు దాకా మోసుకెళ్ళడం ఎందుకు?

మింగిన మందులో ఎక్కువ భాగం చిన్నపేగులోనే రక్తంలోకి ఇంకిపోతుంది. జ్వరానికైతే అదే కావాలి. జబ్బు పెద్దపేగు గోడలోనే ఉన్నప్పుడు, అంటే అల్సరేటివ్ కొలైటిస్, అమీబా వల్ల వచ్చే బంక విరేచనాలు, పెద్దపేగు కేన్సర్ లాంటివి, పైనే ఇంకిపోయిన మందు ఊరంతా తిరిగి ఇంటికి చేరినట్టు అక్కడికి కొంచెమే చేరుతుంది. దారిలో మిగతా శరీరానికి దుష్ప్రభావాలు పంచిపెడుతుంది.

అల్సరేటివ్ కొలైటిస్‌కు ఇచ్చే మెసలమైన్‌నే ఉదాహరణగా తీసుకోండి. అది పేగు లోపలి పొరకు నేరుగా తగిలితేనే పనిచేస్తుంది. రక్షణ లేకుండా మింగితే చాలా భాగం చిన్నపేగులో ఇంకి మూత్రంలో పోతుంది. 1940ల నుంచి వాడుకలో ఉన్న సల్ఫాసలజీన్‌లో ఈ మెసలమైన్‌నే సల్ఫాపిరిడిన్‌తో ఏజో బంధం వేసి కట్టేశారు. పెద్దపేగులోని బాక్టీరియా ఆ ముడి విప్పుతాయి. బంకలతో మనం చేసేదీ అదే పని. రసాయన ముడికి బదులు మందు చుట్టూ గోడ కడతాం, ఆ గోడను బాక్టీరియా చేత తినిపిస్తాం.

పీహెచ్‌ను బట్టి కరిగే పూతలు ఉన్నాయి కదా, బంకలతో పనేమిటి?

ఉన్నాయి. యూడ్రాజిట్ అనే పూత పదార్థాల్లో యూడ్రాజిట్ ఎస్ పీహెచ్ 7 దాటితే కరుగుతుంది, యూడ్రాజిట్ ఎల్ 6 దాటితే కరుగుతుంది. చిక్కేమిటంటే పీహెచ్ పెద్దపేగులోకి దిగేటప్పుడు పెరగదు, తగ్గుతుంది. చిన్నపేగు చివర 7.5 దాకా ఉన్నది, సీకంలోకి (పెద్దపేగు మొదట్లోని సంచిలోకి) రాగానే 6 చుట్టుపక్కలకు పడిపోతుంది. అక్కడ పీచు పులిసి కొవ్వు ఆమ్లాలు పుట్టడమే కారణం. కాబట్టి ఆ పూత కరిగితే చిన్నపేగు చివరే కరగాలి, అక్కడ తప్పిందంటే పెద్దపేగులో కరగదు. కొందరిలో మాత్ర మాత్రలాగే బయటికి వస్తుంది. పేగువాపు ఉన్నవాళ్ళలో పీహెచ్ ఇంకా కిందికి జారవచ్చు.

బాక్టీరియా లెక్క ఇంత తికమకగా ఉండదు. చిన్నపేగు పైభాగంలో మి.లీ.కి వెయ్యి, పదివేల స్థాయిలో ఉంటే, పెద్దపేగులో పదివేల కోట్ల నుంచి లక్ష కోట్ల దాకా ఉంటాయి. బాక్టిరాయిడిస్, బైఫిడోబాక్టీరియం లాంటివి అక్కడ కాపురం పెట్టి మన ఎంజైములు కోయలేని చక్కెర గొలుసులను కోస్తాయి. మంచి బంకకు ఉండాల్సిన లక్షణం అదే: మనకు అరగకూడదు, వాటికి అరగాలి.

పీహెచ్ పూతను తీసిపారేయమని మా ఉద్దేశం కాదు. యూడ్రాజిట్ ఎస్‌నూ బాక్టీరియా తినే రెసిస్టెంట్ స్టార్చ్‌నూ ఒకే పూతలో కలిపిన మెసలమైన్ మాత్రలు యూరప్‌లో ఇప్పటికే అమ్ముతున్నారు. ఒక తాళం తెరుచుకోకపోతే రెండోది తెరుచుకుంటుంది.

ఏ బంక ఎంచుకోవాలి?

మొదటిసారి చేసేవాళ్ళకు మా సలహా గోరుచిక్కుడు బంక, అంటే గార్ గమ్. మన సీమలో మటిక్కాయలంటామే, వాటి గింజల్లోది. మానోజ్ వెన్నెముకకు గాలక్టోజ్ కొమ్మలు, దాదాపు రెండుకు ఒకటి చొప్పున. దీనికి విద్యుదావేశం లేదు కాబట్టి కడుపులోని ఆమ్లంలోనైనా పేగులోని క్షారంలోనైనా ఒకేలా ఉబ్బి జెల్ కడుతుంది. బాక్టీరియాకు ఇష్టమైన తిండి. ఈ వాడకానికి దీన్ని లోతుగా పరీక్షించిన వాళ్ళలో మన విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళు ముందున్నారు. 1990ల చివర్లో ఇండోమెథసిన్‌తో మొదలుపెట్టి మెసలమైన్, 5-ఫ్లోరోయురాసిల్ దాకా వెళ్ళారు.

పెక్టిన్ రెండోది. ఒంటరిగా వాడితే పీహెచ్ 7 దగ్గర కరిగి జారిపోతుంది. కాల్షియంతో ముడివేయాలి, అందుకు మిథైల్ ఎస్టర్లు 50 శాతం లోపు ఉన్న రకం కావాలి. కైటోసాన్‌ది తలకిందుల సమస్య: ఆమ్లంలోనే కరుగుతుంది, కాబట్టి పైన ఎంటరిక్ పూత (కడుపు ఆమ్లంలో కరగని పూత) లేకుండా కడుపు దాటదు. చింతగింజల పాలీశాకరైడ్ గ్లూకోజ్ వెన్నెముక మీద జైలోజ్, గాలక్టోజ్ కొమ్మలున్న జైలోగ్లూకాన్. బాక్టిరాయిడిస్ ఒవేటస్ లాంటి బాక్టీరియాకు దీన్ని విడగొట్టే ఎంజైముల కట్ట మొత్తం ఉంది. పదార్థం చవక, మన జిల్లాలో కొదవ లేదు. దీన్ని ఇంకా ఎక్కువమంది ప్రయత్నించాలి.

తపసి బంక గురించి జాగ్రత్త. అడవి బంకల్లో పేరున్నది, బాగా ఉబ్బుతుంది, ప్రయోగశాలలో చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ పేగు బాక్టీరియా దాన్ని అంత తేలిగ్గా తినవు. తినవు కాబట్టే దాన్ని మలబద్ధకానికి మలం బరువు పెంచే మందుగా వాడతారు. దానితో చేసిన మాత్ర మందును నెమ్మదిగా వదులుతుందేమో గానీ, పెద్దపేగు వచ్చిందని గుర్తుపట్టదు. అదీగాక నిల్వలో ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన కొడుతుంది. ఇంకో మాట: శేషాచలం కొండలు 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. అక్కడి చెట్లకు గాట్లు పెట్టి బంక తెచ్చుకుందామనుకోకండి. గిరిజన సహకార సంస్థ అమ్మే సరుకు కొనుక్కోండి.

మటిక్కాయ గింజలు కొని మిక్సీలో పొడిచేస్తే గార్ గమ్ వచ్చినట్టేనా?

రాదు. గింజలో పొట్టు, మొలక, వాటి మధ్య ఎండోస్పెర్మ్ ఉంటాయి. బంక ఉన్నది ఎండోస్పెర్మ్‌లో, అది గింజ బరువులో మూడో వంతుకు కాస్త పైన. మొలకలో ప్రొటీన్ ఎక్కువ. మొత్తం కలిపి పొడిచేస్తే నీళ్ళలో మట్టిరంగు గంజి అవుతుంది, చిక్కదనం రోజుకో రకంగా ఉంటుంది. ఫార్మా గ్రేడు కొనండి. కొన్నాక ఒక శాతం ద్రావణం చిక్కదనం మీ బ్రూక్‌ఫీల్డ్ విస్కోమీటర్ మీద మీరే కొలిచి, స్పిండిల్ నంబరు, వేగం, ఎంతసేపు నానిందో రాసిపెట్టుకోండి. సంచి మారితే చిక్కదనం మారుతుంది, అది మారితే మీ ఫలితం మొత్తం మారుతుంది.

చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీల మామిడి తొక్క నుంచి పెక్టిన్ తీయవచ్చా?

తీయవచ్చు. తోతాపురి సీజన్‌లో తొక్కకు కరువుండదు. తొక్క ఎప్పుడు చేతికొచ్చిందన్న దాని మీదే పని సగం ఆధారపడుతుంది. జూన్ ఎండకు కుప్పలోని తొక్క సాయంత్రానికే పులుస్తుంది. పండులోని ఎంజైములూ, పైన పట్టిన బూజూ కలిసి పెక్టిన్ గొలుసును ముక్కలు చేస్తాయి. ఆ తొక్కతో వచ్చేది జెల్ కట్టదు. యంత్రం నుంచి పడుతున్నప్పుడే పట్టుకోండి.

తెచ్చిన వెంటనే మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి ఎంజైములను చంపండి. నీళ్ళు పిండేసి ట్రేలో పలచగా పరిచి 55 నుంచి 60 డిగ్రీల దగ్గర పెళుసుగా విరిగేదాకా ఆరబెట్టి, పొడిచేసి 40 నంబరు జల్లెడ పట్టండి. ఎండలో ఆరబెడితే దుమ్ము, ఈగలు, బూజు ముగ్గురూ చుట్టాలే.

పొడి 20 గ్రాములకు 600 మి.లీ. డిస్టిల్డ్ వాటర్. బోరునీళ్ళు వద్దు, అందులోని కాల్షియం పెక్టిన్‌ను తొక్కలోనే బిగించేస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో గానీ సిట్రిక్ ఆమ్లంతో గానీ పీహెచ్ 1.5 నుంచి 2 మధ్యకు తెచ్చి, 85 డిగ్రీల దగ్గర గంట సేపు కలుపుతూ ఉంచండి. వేడిగా ఉండగానే నాలుగు మడతల మస్లిన్ గుడ్డలో వడకట్టాలి, చల్లారితే గుడ్డకే అంటుకుపోతుంది. వడకట్టినదాన్ని పూర్తిగా చల్లార్చి రెండింతల ఇథనాల్‌లోకి సన్నగా పోస్తూ కలపండి. తెల్లటి పీచులాగా తేలుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, 70 శాతం ఇథనాల్‌తో రెండుసార్లు, చివరగా 95 శాతంతో ఒకసారి కడిగి, 45 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. గోధుమరంగు వచ్చిందంటే తొక్కలోని పాలిఫినాల్స్ పోలేదని అర్థం, 70 శాతంతో ఇంకోసారి కడగాలి. ఇథనాల్‌కు ఎక్సైజు అనుమతి తలనొప్పి అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనూ పని జరుగుతుంది, వాసన పోయేదాకా ఆరబెట్టాలి.

ఇప్పుడు ఎస్టర్ శాతం చూసుకోవాలి. 0.5 గ్రాముల పెక్టిన్‌ను 2 మి.లీ. ఇథనాల్‌తో తడిపి, కార్బన్ డయాక్సైడ్ లేని 100 మి.లీ. నీళ్ళలో కరిగించి, ఫినాల్ఫ్తలీన్‌తో 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ టైట్రేషన్ చేయండి. ఇది మొదటి రీడింగు. అందులోనే 0.5 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ 10 మి.లీ. పోసి 15 నిమిషాలు ఆగి, 0.5 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ. పోసి గులాబీరంగు పోయేదాకా కలిపి, మళ్ళీ టైట్రేషన్. ఇది రెండో రీడింగు. రెండోదాన్ని రెండింటి మొత్తంతో భాగించి వందతో గుణిస్తే ఎస్టర్ శాతం. తడపకుండా పెక్టిన్‌ను నేరుగా నీళ్ళలో వేస్తే చేపకళ్ళలాంటి గడ్డలు కట్టి మొదటి రీడింగు తప్పు వస్తుంది.

మామిడి తొక్క పెక్టిన్‌లో ఎస్టర్ సాధారణంగా 50 దాటుతుంది. దాన్ని దించాలంటే ద్రావణాన్ని మంచు తొట్టిలో 5 డిగ్రీల దగ్గర పెట్టి, పలుచటి సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 10.5 దగ్గర నిలబెట్టి, అరగంటకోసారి కాస్త తీసి శాతం చూస్తూ, 35 దగ్గరికి రాగానే ఆమ్లంతో పీహెచ్ 5కు తెచ్చి ఆల్కహాల్‌లో పోయాలి. చల్లగా లేకపోతే ఎస్టర్లతోపాటు గొలుసే తెగుతుంది. శాతం కాగితం మీద బాగుంటుంది, గుళికలు మాత్రం వేలితో నొక్కితే చితికిపోతాయి.

కాల్షియం పెక్టినేట్ గుళికలు ఫాస్ఫేట్ బఫర్‌లో వేయగానే కరిగిపోతున్నాయి. ఫార్ములా తప్పా?

ఫార్ములాను తిట్టేముందు బఫర్‌ను చూడండి. ఫాస్ఫేట్ కాల్షియంను లాగేసుకుంటుంది, ముడి విడిపోతుంది, గుళిక కరుగుతుంది. ఇందులో బాక్టీరియా పాత్రేమీ లేదు. అదే గుళికలను అదే పీహెచ్ ఉన్న ట్రిస్ బఫర్‌లో వేసి పక్కపక్కనే చూడండి. అక్కడ నిలబడితే దోషం బఫర్‌ది. కడుపు ఆమ్లం కూడా కొంత కాల్షియంను ఊడగొడుతుంది కాబట్టి గుళికల మీద యూడ్రాజిట్ పూత వేయడం మంచిది.

గుళికల కోసం 4 నుంచి 5 శాతం పెక్టిన్ ద్రావణంలో మందు కలిపి, 21 గేజ్ సూదితో 5 శాతం కాల్షియం క్లోరైడ్‌లోకి చుక్కలుగా వేసి, 20 నిమిషాలు ఉంచితే సరిపోతుంది. నీళ్ళలో బాగా కరిగే మందైతే ఆ 20 నిమిషాల్లోనే తొట్టిలోకి కారిపోతుంది. మందు ఎంత నిలిచిందో లెక్క కట్టేటప్పుడు తొట్టి నీళ్ళనూ కొలవండి, లెక్క తేలుతుంది.

చింతగింజల బంక తీసే పద్ధతి?

ఇది పెక్టిన్ కన్నా సులువు. గింజలను 24 గంటలు నానబెట్టి పొట్టు తీసి, ఆరబెట్టి పొడిచేయండి. ఇసుకలో వేయించి పొట్టు తీసే పద్ధతి పిండి మిల్లులకు బాగుంటుంది, మనకు బంక గోధుమరంగుకు తిరుగుతుంది. 20 గ్రాముల పొడిని 200 మి.లీ. చల్లటి నీళ్ళలో కలిపి, ఆ జారును 800 మి.లీ. మరిగే నీళ్ళలో పోసి 20 నిమిషాలు కలుపుతూ మరిగించండి. చల్లటి నీళ్ళలో ముందుగా కలపకుండా పొడిని మరిగే నీళ్ళలో కొడితే సంగటి ముద్దలే మిగులుతాయి. రాత్రంతా ఉంచితే ప్రొటీన్, పీచు అడుక్కు దిగుతాయి. పై ద్రావణాన్ని 5000 ఆర్‌పీఎం దగ్గర 20 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, రెండింతల ఇథనాల్‌లో పోసి, వచ్చినదాన్ని కడిగి 50 డిగ్రీల దగ్గర ఆరబెట్టి 60 నంబరు జల్లెడ పట్టండి.

మాత్రను మ్యాట్రిక్స్‌గా చేయాలా, కంప్రెషన్ కోటింగా?

మ్యాట్రిక్స్ అంటే మందు, బంక కలిపి ఒకే మాత్ర. చేయడం తేలిక, కానీ ఉపరితలం మీద ఉన్న మందు కడుపులోనే వెళ్ళిపోతుంది. నీళ్ళలో కరిగే మందైతే ఐదు గంటల్లో చాలా భాగం పోతుంది. కంప్రెషన్ కోటింగ్‌లో మందు మొత్తం లోపలి కోర్‌లో ఉంటుంది, చుట్టూ బంక గోడ. పెద్దపేగుకైతే మా ఓటు దీనికే, ఒక షరతుతో: మోతాదు తక్కువ ఉండాలి. 400 మి.గ్రా. కోర్ చుట్టూ గోడ కడితే మింగడానికి గొంతు చాలదు.

ప్రయోగశాలలో మొదలుపెట్టడానికి ఒక లెక్క. కోర్ 80 మి.గ్రా.: మెసలమైన్ 50, మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ 24, క్రాస్‌కార్మెలోజ్ సోడియం 4, టాల్క్, మెగ్నీషియం స్టియరేట్ కలిపి 2. 6 మి.మీ. పంచ్‌తో 3 కిలోల గట్టిదనానికి నొక్కండి. ఇంకా గట్టిగా నొక్కితే కోర్ నున్నగా తయారై పైగోడ దాన్ని పట్టుకోదు. కోర్ ఒక్కదాన్నే నీళ్ళలో వేస్తే ఐదు నిమిషాల్లో చెదరాలి.

పైగోడ 175 మి.గ్రా.: గార్ గమ్ 140, సెల్యులోజ్ 13.5, పేస్టుగా కలిపే స్టార్చ్ 17.5, టాల్క్, స్టియరేట్ 4. గార్ గమ్ పొడి హాపర్‌లో జారదు కాబట్టి గ్రాన్యూల్స్ చేయాలి. 10 శాతం స్టార్చ్ పేస్టును కొద్దికొద్దిగా పోయండి. ఒక్కసారిగా పోస్తే రబ్బరు ముద్దవుతుంది, దాన్ని జల్లెడ పట్టడం ఎవరి తరమూ కాదు. 12 నంబరు జల్లెడలో తోసి 50 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి 16 నంబరులో మళ్ళీ పట్టండి. 9 మి.మీ. డైలో పైగోడ గ్రాన్యూల్స్‌లో 40 శాతం పోసి చదును చేసి, నడిమధ్యన కోర్ పెట్టి, మిగతా 60 శాతం పోసి నొక్కండి. ఇదే పద్ధతిలో గార్ గమ్‌ను 60, 70, 80 శాతం చేసి మూడు బ్యాచ్‌లు పోల్చాలి. 5-ఫ్లోరోయురాసిల్‌తో చేద్దామని కొందరు ఉబలాటపడతారు. అది కణాలను చంపే మందు, దాని పొడి గాలిలో లేవకుండా ఆపే సేఫ్టీ క్యాబినెట్ లేని ల్యాబ్‌లో ముట్టుకోవద్దు.

ఒకే బ్యాచ్‌లో కొన్ని మాత్రలు కడుపు దశలోనే మందు వదిలేస్తున్నాయి, కొన్ని బాగున్నాయి. ఎందుకు?

పదిలో తొమ్మిదిసార్లు కోర్ పక్కకు జరిగి ఉంటుంది. 9 మి.మీ. డైలో 6 మి.మీ. కోర్‌కు పక్కగోడ 1.5 మి.మీ. మాత్రమే. కోర్ ఒక మి.మీ. జరిగితే ఒకవైపు అర మి.మీ. మిగులుతుంది, ఆమ్లం అక్కడే తూటు పెడుతుంది. ఒక ట్రయల్ బ్యాచ్ కోర్‌లో ఎరుపు రంగు కలిపి, పది మాత్రలను బ్లేడుతో రెండుగా కోసి చూడండి. వెర్నియర్‌తో నాలుగు వైపులా గోడ మందం కొలిచి నోట్‌బుక్కులో రాయండి. డై తిప్పేటప్పుడు కుదుపు ఎక్కువైనా, అడుగున పోసిన పొడి చదునుగా లేకపోయినా కోర్ జరుగుతుంది.

పైగోడ టోపీలాగా ఊడి వస్తుంటే గ్రాన్యూల్స్ మరీ ఎండిపోయాయని, లేదా కోర్ మరీ గట్టిగా ఉందని అర్థం.

డిసల్యూషన్ ఎలా చేయాలి?

డిసల్యూషన్ అంటే మాత్రలోంచి మందు ద్రవంలోకి ఎంత వేగంగా వస్తుందో చూసే పరీక్ష. బాస్కెట్, 100 ఆర్‌పీఎం, 37 డిగ్రీలు. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 900 మి.లీ.లో 2 గంటలు, తర్వాత పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్ 900 మి.లీ.లో 3 గంటలు. ఈ ఐదు గంటలు కడుపూ చిన్నపేగూ. ద్రవం మార్చేటప్పుడు మాత్రను చిమటాతో పట్టుకోకండి, ఉబ్బిన జెల్ చిరుగుతుంది. బాస్కెట్‌ను షాఫ్ట్‌తో సహా ఎత్తి కొత్త ద్రవంలోకి దించండి.

ఆ తర్వాతిది అసలు పరీక్ష. పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్‌లో ఎలుక సీకంలోని పదార్థం 4 శాతం కలిపిన 100 మి.లీ. ద్రవాన్ని చిన్న బీకర్‌లో తీసుకుని, దాన్ని డిసల్యూషన్ పాత్రలోని నీళ్ళలో నిలబెట్టి, కార్బన్ డయాక్సైడ్ బుడగలు ఆగకుండా పంపుతూ, మొత్తం 24 గంటలు పూర్తయ్యేదాకా నడపాలి. ఆ బాక్టీరియాలో చాలావాటికి గాలి సోకితే చావే. గ్యాస్ సిలిండర్ అర్ధరాత్రి అయిపోతే ఉదయానికి మీ దగ్గర ఉండేది చచ్చిన బాక్టీరియా పులుసే. ప్రతిసారీ 1 మి.లీ. తీసి, కార్బన్ డయాక్సైడ్ పట్టించిన తాజా బఫర్ 1 మి.లీ. తిరిగి పోయండి.

ఇవన్నీ చేసి కంట్రోల్ పెట్టకపోతే వృథా. అదే మాత్రను, అదే 24 గంటలు, సీకం పదార్థం లేని పీహెచ్ 6.8 బఫర్‌లో నడపాలి. వీలైతే మరొకటి, మరగబెట్టి చంపిన సీకం పదార్థంతో. మందు విడుదల మూడింటిలోనూ దాదాపు ఒకటే అయితే మీరు చేసింది కాసేపు ఉబ్బి నెమ్మదిగా వదిలే మామూలు మాత్ర. కోలన్ (పెద్దపేగు) అన్న మాట దాని పేరులోంచి తీసేయాలి. ఈ పోలిక లేని థీసిస్‌లు లెక్కలేనన్ని. వైవాలో మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

మొదటి ఐదు గంటల్లో 10 శాతం లోపు, తర్వాత సీకం పదార్థం ఉన్నచోట, లేనిచోట స్పష్టమైన తేడా: మేం చూసే గీటురాళ్ళు ఇవి. సీకం పదార్థంలో కూడా 24 గంటలకు మందు రాకపోతే గోడ మందం ఎక్కువైందన్నమాట, గార్ గమ్ తగ్గించండి.

సీకం పదార్థం సేకరించే విధానం?

ముందుగా కాలేజీ జంతు నైతిక కమిటీ అనుమతి. జంతు ప్రయోగాలను చూసే, ఒకప్పుడు సీపీసీఎస్ఈఏ అని పిలిచిన కేంద్ర కమిటీ పేరు ఇప్పుడు సీసీఎస్ఈఏ, ఫారాల్లో కొత్త పేరే రాయండి. 150 నుంచి 200 గ్రాముల ఎలుకలకు 2 శాతం గార్ గమ్ ద్రావణం రోజుకు 1 మి.లీ. చొప్పున ఏడు రోజులు గొట్టంతో పట్టాలి. దాంతో బంకను కోసే ఎంజైములు పెరుగుతాయి. చింతగింజల మాత్ర పరీక్షించేటప్పుడు ఎలుకలకు గార్ గమ్ పట్టి లాభం లేదు, చింతగింజల బంకే పట్టాలి. ప్రయోగానికి అరగంట ముందు సీకం రెండు చివర్లా దారంతో కట్టి తీసి, కార్బన్ డయాక్సైడ్ పంపుతున్న బఫర్‌లోనే తెరవాలి. బయట తెరిచి తూకం వేస్తూ కూర్చుంటే పని చెడుతుంది.

ఎలుకలు వద్దనుకుంటే పెక్టిన్ మాత్రలకు మార్కెట్లో దొరికే పెక్టినేజ్ ఎంజైముతో ప్రాథమిక పరీక్ష చేయవచ్చు. అది ఒక్క ఎంజైము, పేగులో ఉన్నది ఊరంత గుంపు. ఆ తేడా రిపోర్టులో రాయాలి.

మెట్రోనిడజోల్‌ను మోడల్ మందుగా తీసుకోవచ్చా?

తీసుకున్నవాళ్ళు ఉన్నారు, కానీ ఇందులో ఒక ఉచ్చు ఉంది. గాలి లేనిచోట బతికే బాక్టీరియాను చంపడమే మెట్రోనిడజోల్ పని. మాత్ర కాస్త తెరుచుకోగానే బయటికొచ్చిన మందు ఆ గోడను తింటున్న బాక్టీరియానే చంపుతుంది, విడుదల మధ్యలో మందగిస్తుంది. ఇంకోవైపు అదే బాక్టీరియా మెట్రోనిడజోల్‌లోని నైట్రో గుంపును మార్చేసి మందును మాయం చేస్తాయి. గ్రాఫు ఎక్కి దిగితే కొలత తప్పిందని కంగారు పడకండి, నిజంగానే మందు తగ్గింది. కొత్తవాళ్ళకు ఇంత తికమక అవసరం లేదు.

ఇదే కారణంతో ఏ యాంటీబయాటిక్ కోర్సులో ఉన్న రోగికైనా బంక మాత్ర అనుకున్న వేళకు తెరుచుకోకపోవచ్చు.

మందు కొలిచే యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో రీడింగులు నమ్మదగ్గట్టు లేవు. ఎందుకు?

సీకం పదార్థమే అతినీలలోహిత కాంతిని బోలెడంత పీల్చుకుంటుంది. మందు లేని మాత్రతో అదే గంటకు తీసిన నమూనాను బ్లాంకుగా వాడండి, ఖాళీ బఫర్‌ను కాదు. నమూనాను సెంట్రిఫ్యూజ్ చేసి 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి. హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) ఉంటే ఈ గొడవే లేదు. మెసలమైన్ వెలుతురుకు, గాలికి గోధుమరంగుకు తిరుగుతుంది, ముదురు రంగు సీసాలు వాడండి.

పెద్దపేగు దాకా చేరిందని మనిషిలో ఎలా నిరూపిస్తారు?

గామా సింటిగ్రఫీతో. కోర్‌లో టెక్నీషియం-99ఎం కలిపి, మాత్ర ఎక్కడుందో కెమెరాతో గంట గంటకూ చూస్తారు. దాని అర్ధాయువు 6 గంటలే కాబట్టి తయారీ, మింగడం, చూడడం ఒకే రోజులో అయిపోవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం గార్ గమ్ మాత్రలను ఆరోగ్యవంతుల్లో ఇలాగే పరీక్షించింది. తిరుపతి స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్నా, మనుషుల మీద ప్రయోగానికి నైతిక కమిటీ, రేడియేషన్ అనుమతులు ఎం.ఫార్మసీ గడువులో తేలేవి కావు. కుందేళ్ళలో బేరియం సల్ఫేట్ పెట్టి ఎక్స్‌రే తీయడం అందుబాటులో ఉన్న దారి.

డాక్టరు రాసిన పెద్దపేగు మాత్ర పెద్దగా ఉంది. విరిచి మింగవచ్చా? మలంలో మాత్ర పెంకు కనిపిస్తే?

విరవకూడదు, నమలకూడదు, పొడి చేయకూడదు. గోడ పగిలితే మందు కడుపులోనే కారిపోతుంది. ఖాళీ పెంకు అప్పుడప్పుడు కనిపించడం కొన్ని రకాల మాత్రల్లో మామూలే. మాత్ర గట్టిగా, నిండుగా, మళ్ళీ మళ్ళీ వస్తుంటే డాక్టరుకు చెప్పండి.

గార్ గమ్ పొడి కొనుక్కుని నీళ్ళలో కలిపి మామూలు మాత్రతో పాటు తాగితే అదే ఫలితం వస్తుందా?

రాదు. మందు చుట్టూ గోడ ఉంటేనే పని. పైగా పొడిని తక్కువ నీళ్ళతో మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

తయారైన మాత్రలు, బంకలు ఎలా నిల్వ చేయాలి?

బంకలు తేమ కోసం కాచుకుని ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురులో తిరుపతి ల్యాబ్‌లలో మూత తీసి ఉంచిన గార్ గమ్ గ్రాన్యూల్స్ రెండు రోజుల్లో అతుక్కుని గడ్డకడతాయి, నొక్కితే పంచ్‌కు అంటుకుంటాయి. సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో పెట్టి, నొక్కే రోజే తీయండి, నొక్కేముందు తేమ శాతం కొలవండి. సహజ పదార్థం కాబట్టి సూక్ష్మజీవుల లెక్క తప్పనిసరి: గ్రాముకు మొత్తం బాక్టీరియా వెయ్యి, బూజు, ఈస్టు వంద దాటకూడదు, ఈ.కోలై ఉండనే కూడదు. లెక్క దాటిందని బంకను ఓవెన్‌లో కాల్చితే క్రిములతోపాటు చిక్కదనమూ పోతుంది, గామా కిరణాలతోనూ అదే జరుగుతుంది. తీసేటప్పుడే శుభ్రంగా తీసి, ఆల్కహాల్‌తో బాగా కడిగి, త్వరగా ఆరబెట్టడం తప్ప దగ్గరి దారి లేదు. 40 డిగ్రీలు, 75 శాతం తేమ దగ్గర ఆరు నెలలు ఉంచిన మాత్రలకు గట్టిదనం ఒక్కటే చూసి వదిలేయకండి. సీకం పదార్థంతో డిసల్యూషన్ మళ్ళీ నడపాలి, కంట్రోల్‌తో సహా.